సోమలింగం దారం వైద్యం

సోమలింగానికి ఒకటే పిచ్చి. ఇంట్లో ఏ పైపు కారినా దారంతో కట్టేస్తాడు, ప్లంబర్‌ను మాత్రం గడప తొక్కనివ్వడు. మిల్లులో పోగు తెగితే ముడేసి మగ్గం నడిపించే మనిషి కదా, నీళ్లకూ అదే వైద్యం. "తెగితే ముడేస్తం. గంతే గదా" అంటాడు.

మిల్లు పనికి రాష్ట్రం దాటి వలసొచ్చిన డిండోలిలో, ఆ మేడ మీది గదికి చేరాక అతను కట్టని పైపు లేదు. భార్య భాగీరథి పాత చీరలు ఒక్కొక్కటే మాయమై, గోడ వెంట రంగురంగుల కట్లుగా తేలేవి. కిందింటి బాలవ్వ రోజూ పైకి చూసి తిట్టేది.

"మున్సిపాల్టోళ్లు నయం బిడ్డా. బందైన నా నల్లాకు అడగకుండనే నీళ్లిచ్చిన్రు. నీ మొగడు నా నెత్తి మీద కారుస్తుండు."

బాలవ్వ ఎవరి దగ్గరా చెంబెడు నీళ్లు కూడా పుచ్చుకోదు. పోయిన ఎండాకాలం నల్లాలో నీళ్లు వచ్చేదాకా, మోకాళ్ల నొప్పులతోనే వీధి చివర నుంచి బిందె మోసుకొచ్చేది.

ఆ మధ్యాహ్నం బాత్రూం గోడ దగ్గరి పెద్ద కట్టు ఉన్నట్టుండి ఊడింది. నీళ్లు గదిలోకి తన్నుకొచ్చాయి. అక్కడ భాగీరథి లేసు కుట్టిన చీరల మూటలున్నాయి, సాయంత్రం సేఠ్‌కు అప్పజెప్పాలి. ఒక్క చీర తడిసినా ఇక పని ఇవ్వనని సేఠ్ ముందే చెప్పాడు. ఆమె మూటలు మంచం మీదికి ఎత్తితే, చిమ్మే నీళ్లు అక్కడికీ వస్తున్నాయి.

"వాల్వు తిప్పు" అని మొగుడి మీద అరిచింది.

"తిరగది."

"ఎందుకు?"

"అది గూడ కారుతుంటే కట్టేసిన."

భాగీరథి ఫోన్ తీసింది. సోమలింగం చిమ్మే నీళ్లకు అడ్డంగా గోడకు వీపు ఆనించి, నిలువునా తడుస్తూ నిలబడ్డాడు.

"ప్లంబర్ వద్దే. జర దారం అందియ్యి."

"మూటలు తడిస్తే మనం తినేదేంది, నీ దారమా?"

ప్లంబర్ రాంప్రసాద్ వచ్చి వాల్వుకున్న దారం కోసి, దాన్ని తిప్పాడు. మూటలు తడవకముందే నీళ్లు ఆగాయి. భాగీరథి ఊపిరి పీల్చుకుంది. సోమలింగం ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు.

రాంప్రసాద్ గోడ దగ్గరి పట్టీలు విప్పాడు. భాగీరథి ఎప్పుడో పోయిందనుకున్న పచ్చ చీర బయటపడింది. దాని కింద ఒక సన్న పైపు, గోడలోంచి కిందికి పోతోంది. ఈ లైను ఎవరిది, కోసేయనా అని అతను హిందీలో అడిగాడు.

అంతలో కింది నుంచి బాలవ్వ కేకేసింది. "భాగీరథీ, నా నల్లా బందైంది. మీకొస్తున్నయా?"

భాగీరథి మొగుడి వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తూ గొణిగాడు. "మనమిచ్చినయని తెలిస్తే ముట్టది. మల్ల బిందె మోస్తది. ప్లంబర్ వస్తే ఎరుకైతదనే వద్దన్న."

భాగీరథికి నవ్వొచ్చింది. ఈ దారాల మనిషి మీద ఎన్నడూ లేనంత ప్రేమ పొంగింది.

"కోయకు భయ్యా. పక్కా జాయింటు వెయ్యి" అని రాంప్రసాద్‌తో చెప్పి, కిటికీలోంచి వంగింది. "మున్సిపాల్టోళ్లు రిపేరు చేస్తున్నరట అవ్వా. జరసేపట్ల వస్తయ్."

"మంచోళ్లు. వాళ్లను చూసి నేర్చుకోమను నీ మొగణ్ని."

"చెప్తనవ్వా."

రాంప్రసాద్ వెళ్లాక కొత్త జాయింటు నుంచి ఒక్క చుక్క కారలేదు. సోమలింగం దాని ముందు దిగులుగా కూర్చుని జేబులు తడుముకుంటున్నాడు. భాగీరథి ఉండలోంచి బారెడు దారం తెంపి అతని చేతిలో పెట్టింది.

"ఒక్క ముడే" అంది.