మూల దగ్గర ముక్కలు

పడవల రేడియోలకు ఏరియల్ తీగలు తయారుచేసే ఆ కార్ఖానాలో ఆయన్ని అందరూ వంకర్ల మాస్టారు అంటారు. మనిషి నిటారుగానే ఉంటాడు, పేరు మాత్రం అలా పడింది. తీగను ఎక్కడ ఎంత వంచితే రేడియో ఎలా పలుకుతుందో కంప్యూటర్లో గీసి చూడటం ఇరవై రెండేళ్లుగా ఆయన పని. కంప్యూటర్ తీగను ముక్కలు ముక్కలుగా చూస్తుంది. వంపు మరీ సూదిగా ఉన్నచోట అటూ ఇటూ ముక్కలు ఒకే పొడవు లేకపోతే అబద్ధం చెబుతుంది. అదీ తడుముకోకుండా, నాలుగు దశాంశాలతో సహా చెబుతుంది మహాతల్లి. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఈ మాట చెప్పి చెప్పి ఆయన నోరు నొప్పిపుట్టింది.

మాస్టారి అన్నయ్య పడవ మునిగి పదకొండు రోజులైంది. అన్నయ్య తిరిగి రాలేదు. ఆ పడవ నుంచి తమకు పిలుపే రాలేదని తీరం ఆఫీసువాళ్లు రాసిచ్చారు. మాస్టారు ఏడవలేదు. ఏడుపు రాలేదు, అంతే. ఆకలీ వేయడం లేదు. రోజూ వేళకు వచ్చి కుర్చీలో కూర్చుంటున్నాడు.

ఆ మధ్యాహ్నం అన్నయ్య పడవ ఫైలు తెరిచాడు. చిన్న పడవ కావడంతో తీగను గడకర్ర చివర నుంచి వెనక్కి సూదిగా మడవాల్సి వచ్చింది. మూల దగ్గర ఒకవైపు ముక్కలు మూరెడు, మరోవైపు బెత్తెడు. తన చేత్తో వేసినవే. బయటివాళ్ల పడవైతే తీగ కట్టాక మీటరు పెట్టి కొలిచేవాడు. ఇంటి పడవేగా, మళ్లీ చూద్దాంలే అనుకున్నాడు.

ముక్కలు సమం చేసి కంప్యూటర్లో లెక్క మళ్లీ నడిపాడు. తీగ పొడవు రెండడుగులు తప్పు. అలాంటి తీగ కడితే రేడియో తన బలాన్ని తానే తగ్గించుకుంటుంది, పిలుపు తీరందాకా పోదు. మూడుసార్లు నడిపాడు, మూడుసార్లూ అదే. లోపల మాత్రం ఏమీ కదల్లేదు.

సాయంత్రం వదిన దగ్గరికి వెళ్లాడు. ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. వాటిలో అన్నయ్య చొక్కాలూ ఉన్నాయి.

"వదినా, తీగ లెక్క నేనే తప్పు వేశాను. అన్నయ్య పిలిచినా తీరానికి వినబడి ఉండదు."

ఆమె చొక్కా గుండీలు పెట్టడం ఆపింది.

"అంటే, పిలిచే ఉంటాడంటావా?"

"పిలిచే ఉంటాడు వదినా."

"ఆఖరికి మేం గుర్తే రాలేదేమో, ఒక్క పిలుపైనా పిలవలేదేంటి అని ఇన్నాళ్లూ ఆయన్నే తిట్టుకుంటున్నాను."

మిగిలిన గుండీలు ఒక్కొక్కటే పెట్టి, చొక్కాను పెట్టెలో దాచింది.

"ఇక నిన్ను తిట్టాలి. ఇవాళ నాకు ఓపిక లేదు, రేపు రా."

"వస్తాను వదినా" అన్నాడు.