బతికున్న తల్లికి అనాథ పిల్లలు

నాలుగేళ్ళు దాటినా ఆ కోపం నాలో చల్లారలేదు. చల్లార్చమని దేవుణ్ణి అడగమంటూ మా సంఘంలో కొందరు సలహా ఇచ్చారు. ఆ ఒక్క విషయం మాత్రం నేను అడగలేదు.

నేను బందరులో ఒక మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలంలో మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళం దివిసీమ తీరంలోని పల్లెలకు బియ్యం, పప్పు, పసిపిల్లలకు పాలపొడి పట్టుకెళ్ళేవాళ్ళం. వేట లేదు, చేపలు కొనేవాళ్ళు లేరు. అది మంచి పనేనని ఇప్పటికీ అంటాను. గడప ముందు సంచీ పెట్టి దూరంగా నిలబడితే, బయటికొచ్చిన ఆడవాళ్ళు మాది ఏ మతమని అడగలేదు, మేమూ అడగలేదు.

నాగాయలంక అవతల ఒక పల్లెలో ఇద్దరు ఆడపిల్లలు ఇంట్లో ఒంటరిగా కనిపించారు. పెద్దదానికి పదకొండేళ్ళు, చిన్నదానికి ఆరు. వారం కిందట తండ్రి జ్వరంతో పోయాడు. తల్లిని అంబులెన్సులో బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అంటుకుంటుందన్న భయంతో చుట్టుపక్కలవాళ్ళు అన్నం వాకిట్లో పెట్టి వెళ్ళిపోతున్నారు. పెద్దపిల్ల చెల్లెలికి ముద్దలు కలిపి పెడుతోంది. మమ్మల్ని చూసి, "మా అమ్మకెలా ఉందండీ?" అంది. మేం ఆసుపత్రి మనుషులమనుకుంది.

మా సంఘ పెద్దల్లో ఒకాయనకు ఫోన్ చేశాను. "గుడివాడలో మనవాళ్ళు నడిపే పిల్లల హోమ్ ఉంది టీచరుగారూ. తల్లి కోలుకునేదాకా అక్కడ ఉంచుదాం" అన్నాడాయన. ఆసుపత్రి నర్సు దయతలచి తల్లి చెవి దగ్గర ఫోన్ పెట్టింది. ఆయాసపడుతూనే, "నేనొచ్చేదాకా చూడండమ్మగారూ" అందామె. ఆ మాట మీదే పిల్లల్ని హోమ్‌కి పంపేందుకు ఫారం నింపాను. తండ్రి మరణించాడనీ, తల్లి ఆసుపత్రిలో చికిత్స పొందుతోందనీ ఇంగ్లీషులో నా చేత్తోనే రాశాను.

మూడు వారాలకు ఆమె ఆసుపత్రి నుంచి బయటికొచ్చింది. పిల్లల్ని తీసుకొచ్చేద్దామంటే ఆ పెద్దాయన, "అంత తొందరేముందండీ, ఆవిడే సరిగ్గా నిలబడలేకపోతోంది" అన్నాడు. సరేననుకున్నాను. తర్వాత వారం కూడా అదే మాట. ఆ పై వారం ఆయన ఫోన్ తియ్యడం మానేశాడు. ఒకరోజు పొద్దున్నే ఆవిడ మా గుమ్మం ముందు నిలబడింది. కర్ఫ్యూ సడలించిన గంటల్లో ఏదో ఆటో పట్టుకుని వచ్చింది. మనిషి సగానికి సగం అయిపోయింది.

"నా పిల్లల్ని ఎక్కడ పెట్టారండీ?" అంది. గొంతు పెంచలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అదే ఆటోలో పెడన మీదుగా గుడివాడ వెళ్ళాం. హోమ్ మేనేజరు కుర్చీలు వేయించి మంచినీళ్ళు ఇప్పించాడు. ఆఫీసు గది గోడ నిండా పిల్లల ఫొటోలు, ఒక్కో ఫొటో కింద ఇంగ్లీషులో నాలుగు లైన్లు. విదేశాల్లో ఉన్న దాతలకు పంపే కార్డులవి. మా ఇద్దరు పిల్లలు ఒకే ఫొటోలో ఉన్నారు. కింద నేను రాసిన వాక్యం లేదు. తల్లిదండ్రులిద్దరూ కరోనాకు బలయ్యారని, ఈ అక్కాచెల్లెళ్ళకు లోకంలో ఎవరూ లేరని ఉంది.

"ఏం రాశారండీ?" అని ఆమె అడిగింది.

అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేకపోయాను. "మీరు కూడా పోయారని రాశారమ్మా."

ఆమె ఆ ఫొటో వైపు, తర్వాత మేనేజరు వైపు చూసింది. "ఇక్కడ నిలబడ్డానుగదండీ" అంది.

మేనేజరు కంగారుపడలేదు. "మేడమ్, మీరు చదువుకున్నవారు, అర్థం చేసుకోవాలి. తల్లి ఉందంటే ఇచ్చేవాళ్ళు ముందుకు రారండి. వచ్చేదంతా పిల్లల కోసమేగా" అన్నాడు. పిల్లల్ని పంపాలంటే కమిటీ సంతకం కావాలన్నాడు.

"తల్లికి తన పిల్లల్నివ్వడానికి ఎవరి సంతకం కావాలి? ముందు పిల్లల్ని పిలవండి" అన్నాను. జీవితంలో క్లాసులో తప్ప ఎక్కడా అంత గట్టిగా మాట్లాడలేదు.

పెద్దపిల్ల పరుగెత్తుకొచ్చి తల్లిని వాటేసుకుంది. చిన్నది తలుపు దగ్గరే ఆగిపోయింది. కాసేపు చూసి, అక్కనడిగింది: "అమ్మ చచ్చిపోలేదా?"

దాతల కోసం ఫోన్లో వీడియో తీసేటప్పుడు, అమ్మ చచ్చిపోయిందని చెప్పమని దానికి నేర్పించారట. తర్వాత పెద్దపిల్ల చెప్పింది. అక్కని కూడా అనమంటే అనలేదట, అందుకని దాన్ని వెనక వరసలో నిలబెట్టారట. ఆరేళ్ళ పిల్ల నోట తల్లి చావు పలికించినవాళ్ళు ఆ సాయంత్రం మోకాళ్ళ మీద కూర్చుని ఏమని ప్రార్థించారో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్కడి నుంచే జిల్లా బాలల సంరక్షణ ఆఫీసుకు ఫోన్ చేశాను. అవతల మాట్లాడిన అమ్మాయి స్పీకరు పెట్టమని, తల్లి పేరు, ఊరు అడిగి, మేనేజరుతో రెండే ముక్కలు మాట్లాడింది. పది నిమిషాల్లో పిల్లల బట్టలు మూటగట్టి తెచ్చారు. ఆ కార్డు తీసెయ్యమన్నాను. తీస్తామన్నారు. నేను కదల్లేదు. నా కళ్ళముందే తీసి, నా చేతికిచ్చారు.

తర్వాత ఆఫీసువాళ్ళు వచ్చి ఆ హోమ్ చూశారు. తల్లో తండ్రో బతికున్న పిల్లలు అక్కడ ఇంకా ఉన్నారని తేలింది. కొందరు ఇళ్ళకు వెళ్ళారు. పేరు మార్చి హోమ్ ఇప్పటికీ నడుస్తోంది. ఆదివారం ఆరాధనయ్యాక మా పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, "లోకంలో మన పేరు చెడగొట్టారండీ" అన్నాడు. ఆయన కన్నెర్ర చేసింది అబద్ధం మీద కాదు, అది బయటపెట్టినందుకు. "చెడగొట్టింది నేను కాదండీ" అని వచ్చేశాను. స్త్రీల సమాజంలో సగం మంది నాతో మాటలు మానేశారు. మిగతా సగం నాతోపాటు దివిసీమకు వస్తూనే ఉన్నారు.

ఆ తల్లి ఇప్పుడు రొయ్యల షెడ్డులో పనిచేస్తోంది. ఆయాసం పూర్తిగా పోలేదు. చిన్నది ఏడాది పాటు తల్లి కొంగు వదల్లేదు, ఆమె స్నానానికి వెళ్ళినా తడిక బయట కూర్చునేది. పెద్దది పదో తరగతికి వచ్చింది. మొన్న వెళ్ళినప్పుడు ఇంగ్లీషులో పాసివ్ వాయిస్ అర్థం కావట్లేదంది. అరుగు మీద కూర్చోబెట్టి మధ్యాహ్నం దాకా చెప్పాను.