కమలాకర్ కంప్యూటర్ చెకింగ్

కట్టంగూర్ల రోడ్డు పక్కపొంటి నా చాయ్ హోటల్. దాని పక్కకే కమలాకర్ బండ్ల షెడ్డు. నడుమ ఒక్క రేకే అడ్డం. గా రేకు ఇవతల కూసుండి ఇన్నేండ్లల్ల ఆ మనిషి మాటలు మస్తు విన్న గని, ‘నాకు తెల్వది’ అన్న మాట మాత్రం ఒక్కపారి వినలే. ‘తప్పు నాది’ అన్న మాటైతే అడుగనే అడుగొద్దు. ఆయన చేతులకెళ్ళి పాన జారి ఆయన కాలు మీదనే పడ్డా సరే, ఆ పాన చేసినోన్ని తిడుతడు.

పని రాదా అంటే వస్తది, అబద్ధమెందుకు చెప్పాలె. హైదరాబాద్ల ఏదో షెడ్డుల నేర్సుకోని, తెలంగాణ వచ్చిన కొత్తల ఈడికొచ్చి దుకాణం వెట్టిండు. అప్పట్ల ఇంజన్ సప్పుడు విని రోగం చెప్తుండె. ఎప్పుడైతే గా కంప్యూటర్ మిషిని కొన్నడో, ఇగ మనిషి మనిషి లెక్క లేడు. అరచేతంత డబ్బా అది, దానికొక వైరు. వైరు తీస్కపోయి స్టీరింగ్ కింద గుచ్చుతడు, నల్లద్దాలు నెత్తి మీదికి ఎక్కిస్తడు, పెద్ద డాక్టర్ నాడి వట్టినట్టు కండ్లు మూస్తడు. నంబర్లు డబ్బాల కనవడుతుంటే కండ్లు మూసుడెందుకయ్యా అంటే, “అక్కా, గివి నీకు సమజ్ గావు” అంటడు. షెడ్డు ముంగట బోర్డు సుత రాపిచ్చిండు, ‘కమలాకర్ కంప్యూటర్ చెకింగ్’ అని. చెక్ చేసేది కంప్యూటరా, నువ్వా అని నవ్వులాటకు అడిగితే మొఖం ముడుసుకోని కొన్నొద్దులు నా హోటల్ దిక్కు రాలే. పీడ వాయె అనుకున్న.

గిసొంటి మనిషి చేతుల పడ్డడు ఎల్లస్వామి. పక్కూరు పిలగాడే, ఇంత పొలం ఉంది, సెకండ్‌హ్యాండ్ల ఒక పెట్రోల్ కారు కొన్నడు. కిరాయిలకు తిప్పుకోని బతుకుదామని కాదు. వాళ్ళమ్మ నర్సింగమ్మకు కిడ్నీలు ఖరాబైనయి. వారంల మూడుమాట్ల నల్లగొండ దవాఖానకు తీస్కపోయి రక్తం కడిగియ్యాలె. పొయ్యేటప్పుడు ఎట్లనో పోతది గని, వచ్చేటప్పుడు పానం సొలుగుతది, నిలవడలేదు, బస్సు మెట్లెక్కలేదు. యాళ్ళకు పోకపోతే రక్తం కడిగే మిషిని ఇంకొకలకు ఇస్తరు. ఒక్క తాప తప్పిందా, కాళ్ళు వాసి, ఊపిరాడక, ముసల్ది గిలగిల కొట్టుకుంటది. ఒకపారి గట్లనే అయ్యి సచ్చి బతికింది. అంటే ఆ కారు నడిస్తే ముసల్ది ఉన్నట్టు, ఆగితే లేనట్టు.

దసరా పోయినంక కొన్నొద్దులకు ఆ కార్ల మీటరు కాడ పసుపు లైటు వెలిగింది. ఇంజన్ బొమ్మ ఉంటది సూడు, గది. ఎనుక నల్లపొగ, నడుమ నడుమ ఎగిరిపడి జట్కాలు కొట్టుడు, మెల్లగ పోతే బందువడుడు. ఎల్లస్వామి ఉరికొచ్చిండు. కమలాకర్ వైరు గుచ్చిండు, కండ్లు మూసిండు, తెరిసిండు.

“ఆక్సిజన్ సెన్సార్ పోయింది” అన్నడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొఖం సూడాలె, అల్లుని పేరు చెప్తున్నట్టు!

పొగ గొట్టంల గుచ్చి ఉంటదట ఆ సెన్సార్ పుల్ల. పొయ్యే పొగను పసిగట్టి, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో ఇంజన్‌కు చెప్తదట. గిప్పుడు ఇది ఖరాబై, పెట్రోలు సాలుతలేదు, సాలుతలేదు అని అబద్ధం చెప్తాందట. ఇంజన్ అది నమ్మి తాగుకుంటనే పోతాందట. గీ ముచ్చట నాకెట్ల తెలుసంటవా? రేకు అవతల ఒర్రి ఒర్రి చెప్పే, వినకుంటెట్ల ఉంటది?

సరే, కొత్త సెన్సార్ తెచ్చి బిగిచ్చిండు. లైటు ఆరింది. ఎల్లస్వామి చేతులు జోడిచ్చిండు. కమలాకర్ మీసం దువ్వుకున్నడు. కొన్నొద్దులు పోయినయో లేదో మల్ల లైటు, మల్ల పొగ. గప్పుడేమన్నడు? “షాపోడు డూప్లికేట్ మాల్ ఇచ్చిండు” అన్నడు. ఇంకోటి తెచ్చి పెట్టిండు. కొన్నొద్దులు మంచిగ నడిసి అది సుత గంతే. “నువ్వు పోపిచ్చే పెట్రోల్ కల్తీది” అన్నడు. ఎల్లస్వామి బంక్ మార్సిండు. “నీకు గేర్లు ఎయ్యొస్తలేదు” అన్నడు. ఆ పిలగాడు దానికి సుత తలకాయ ఊపిండు. నాకైతే కడుపు మండిపోయింది. అరేయ్, వైరు ఎట్లున్నది, యాడ కలుస్తాంది అని ఒక్కపారి వంగి సూడవా? సూడడు! వంగితే నల్లద్దాలు కిందవడుతయి. డబ్బాల రాసింది గద, గదే వేదం. ఎల్లస్వామి ఏమన్న తక్కువోడా? నోరున్నది తినెటందుకే అనుకుంటడు. నల్లగొండల ఇంకో షెడ్డుకు పోరాదురా అంటే, “కమలాకరన్న మనోడు గద అక్కా” అంటడు. మనోడట!

ఇగ ఆనాడు పొద్దుగాల్నే కారు ఎగురుకుంట ఎగురుకుంట వచ్చి షెడ్డు ముంగట్నే ఆగిపోయింది. ఎనుక సీట్ల నర్సింగమ్మ. మొఖం ఉబ్బి, చేతుల దవాఖాన సంచి వట్టుకోని సీటుకు ఒరిగి కూసున్నది. చాయ్ తేనా అవ్వా అంటే, “వద్దు బిడ్డా, నీళ్ళు శాన తాగొద్దన్నరు” అన్నది మెల్లగ.

కమలాకర్ వచ్చి డబ్బా గుచ్చిండు. “సెన్సారే. నల్లగొండకెళ్ళి ఇంకోటి తెప్పిస్త, పగటీలికి, పన్నెండింటికల్ల వస్తది” అన్నడు.

“పగటీలికా?” ఎల్లస్వామి ఏడుపొక్కటే తక్కువ. “అన్నా, గప్పటికి మా అమ్మ నంబరు పోతది.”

నేను గరిటె పొయ్యి కాడనే పారేసి వచ్చిన. “ఏమయ్యా కమలాకరూ, ఇగ సాలు నీ కంప్యూటర్ శాస్త్రం! ముసల్ది కండ్లముంగట పోతాంది, కనవడుతలేదా? నీ అవ్వే అయితే పగటీలి దాంక కూసుండవెడుదువా?” అన్న.

ఆ మాటకు ఉడుక్కున్నడో, సిగ్గే అయ్యిందో, బానెట్ లేపిండు. ఇంజన్ స్టార్ట్ చేయమన్నడు. డబ్బా ఎడమ చేతుల వట్టుకున్నడు. దాంట్ల ఒక నంబరు ఊకె కిందికీ మీదికీ ఎగరాలెనట. అది సున్న కాడ సచ్చినట్టు పడి ఉన్నది. పాత సెన్సార్ ఊడవీకుదామని కుడిచేత్తోని దాని వైరు గుంజిండు. గుంజంగనే నంబరు ఎగిరింది. ఇడిసిండు, పడిపోయింది. మల్ల కదిలిచ్చిండు, మల్ల ఎగిరింది. ఇంజన్ సప్పుడు సుత దానెంబడే మారింది. నాసొంటి చాయ్ కాసేదానికి సుత అర్థమైంది, రోగం పుల్లల లేదు, వైరు అతికిన కాడ ఉన్నదని. కొత్త పుల్ల పెట్టినప్పుడల్ల ఆ అతుకు జర కదిలి కొన్నొద్దులు పట్టుకుంటుండె, గంతే.

ఇంజన్ బంద్ చేపిచ్చి ఆ అతుకు ఊడవీకిండు. లోపట పచ్చగ చిలుము. జిగురు జిగురుగ బెల్లంపాకం లెక్క ఏదో గట్టిగయ్యి ఉన్నది. అండ్ల చీమలు సచ్చి అంటుకున్నయి. ఏలు వెట్టి ముక్కు కాడికి తెచ్చుకున్నడు. గప్పుడు సూడాలె ఆయన మొఖం, రంగు దిగిపోయింది.

కొబ్బరినీళ్ళు!

దసరానాడు ఈయన షెడ్డు కాడ జరిగే తమాషా మా ఊరోళ్ళకందరికీ ఎరికే. బండికి పసుపు, కుంకుమ, బంతిపూలు, టైర్ల కింద నిమ్మకాయలు, ముంగట కొబ్బరికాయ, గిది అందరు చేసేదే. ఈయన అందరసొంటోడా? కాదు గద! బానెట్ లేపి, కాయ పగులగొట్టి, ఆ నీళ్ళు ఇంజన్ మీదనే పోస్తడు. “దేవునికి పోస్తం, మనకు అన్నం వెట్టే ఇంజన్‌కు పొయ్యొద్దా?” అని ఉపన్యాసం సుత. పాత ట్రాక్టర్లకు, జీపులకు ఏం కాకపాయె, వాటికి సెన్సార్లా గిన్సార్లా! మొన్న దసరాకు నర్సింగమ్మ సుత, నన్ను మోసే బండి సల్లగుండాలె అని కాయ తెచ్చింది. టైరు ముంగట కొట్టమని ఇస్తే, ఈయనే గుంజుకపోయి ఇంజన్ మీద పోసిండు. ఎల్లస్వామి గప్పుడు బంతిపూలకు బజారుకు పోయిండె. నేను అక్కడ్నే ఉన్న, ఈ కండ్లతోనే సూసిన.

కమలాకర్ ఆ అతుకును పెట్రోల్‌తోని కడిగిండు, బ్రష్షు వెట్టి రుద్దిండు, ఆరవెట్టి బిగిచ్చిండు. ఇంజన్ పట్టుకుంది. జట్కా లేదు, పొగ లేదు. డబ్బాల నంబరు మంచిగ ఎగురుతాంది.

“ఏమైండెనే అన్నా?” ఎల్లస్వామి అడిగిండు.

కమలాకర్ నా దిక్కు సూడలే. చేతులు గుడ్డకు తుడుసుకున్నడు. “వైరుల కొబ్బరినీళ్ళు పడ్డయి. మీ ఇంట్ల ఎవలో పోసినట్టున్నరు. గిసొంటి బండ్లకు గవన్నీ పొయ్యొద్దని తెల్వదా?” అన్నడు.

గింత కండ్లు నెత్తికెక్కిన మనిషి ఉంటడా!

ఎల్లస్వామికి ఇన్నొద్దుల కోపమంత ఒక్కసారి లేసింది. మెకానిక్ మీద లేస్తదా? తల్లి మీద లేసింది. “నీ పూజలు గూల! నీవల్లనే గద అమ్మా గిదంత!” అని ఒర్రిండు.

నర్సింగమ్మ రెండు చేతులు ఎత్తింది. “అవు బిడ్డా, కాయ తెచ్చింది నేనే. తప్పైంది” అన్నది. ఆ దండం కొడుక్కు గాదు, కమలాకర్‌కు వెట్టింది. ఆయన పెద్దమనిషి లెక్క, “ఇకముందు జర పైలం అవ్వా” అన్నడు. థూ, నీ బతుకు పాడుగాను!

ఎల్లస్వామి బానెట్ ఏసి సీట్ల కూసునే లోపట నేను ఎనుక కిటికీ కాడికి ఉరికిన. “అవ్వా, ఏం తప్పైంది నీకు? పోసింది వాడు! నువ్వు టైరు కాడ కొట్టమంటివి. నేను సూసిన, చెప్పమంటే ఇప్పుడే నడిబజార్ల చెప్త” అన్న.

ముసల్ది నా చెయ్యి వట్టుకున్నది. ఉబ్బిన ఏళ్ళు, మంచులెక్క సల్లగున్నయి.

“నాకు యాదికున్నది బిడ్డా. ఇంజన్ మీద వద్దని సుత అంటి” అన్నది. “గాయన్ని నలుగురిల తప్పువడితే, ఎల్లుండి ఈ బండి మల్ల ఆగితే దీన్ని ఈడ ఎవలు ముట్టుకుంటరు? నాకు ఇంకా కొన్నొద్దులు బతకాలనున్నది. ఊకో.”