ఓడ మీద బావకు పెట్టిన టిఫిను

మా బావకు ఓడ మీద పొద్దుటి తిండి తగ్గించింది నేనే. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. ఆస్పత్రిలో డాక్టర్లు అడిగినవాటికి నేను చెప్పిన జవాబులు రాసుకుని వెళ్ళిపోయారు. అక్క ఇప్పటికీ నన్ను చూడగానే మంచినీళ్ళిచ్చి, ఎండలో పడి వచ్చావని బాధపడుతుంది. ఆవిడ నాలుగు తిట్లు తిట్టి ఉంటే నాకిది రాసే పని ఉండేది కాదేమో.

బావంటే మా అక్క భర్త. కళింగపట్నంలో నలభై ఏళ్ళు సముద్రం మీద వేటకెళ్ళిన మనిషి. మా నాన్న పోయాక నన్ను తన ఇంట్లో పెట్టుకుని బడికి పంపింది ఆయనే. వలలు బాగుచేసే పనికి నన్ను పిలిస్తే అక్క మీద కేకలేసేవాడు. అలా చదువుకుని నేను మాస్టారినయ్యాను. గరివిడిలో పాతికేళ్ళు పాఠాలు చెప్పి, విజయనగరంలో ఇల్లు కట్టుకున్నాను. అన్నీ నాకే తెలుసన్న జబ్బు ఆ ఉద్యోగంలోనే పట్టుకుంది. ఎదుటివాడు నోరు తెరిచేలోపు వాడి తప్పు దిద్దేస్తాను. ఇంట్లో నా భార్య దీనికి అలవాటు పడింది. బయటివాళ్ళు తప్పుకు తిరుగుతారు. బావ మాత్రం నేను చెప్పేదంతా నోరు తెరుచుకుని వినేవాడు, తను చదివించిన చదువు మాట్లాడుతోందని ఆయనకు సంబరం.

బావకు షుగరు. చాలా ఏళ్ళు మాత్రల మీద నడిచింది, తర్వాత ఇన్సులిన్ మొదలైంది. వేట మానేసినా వేటకెళ్ళే తిండి మానలేదు. తెల్లవారగానే పెద్ద గిన్నెడు చద్దన్నం, కాల్చిన ఎండుచేప, పచ్చి ఉల్లిపాయ. ఎంత చెప్పినా ఆ తిండి మారదని తెలిసి శ్రీకాకుళం డాక్టరు దానికి సరిపడా మందు రాశాడు. సూది వెయ్యడం అక్క నేర్చుకుంది. పెన్నులాంటి ఆ సూది వెనక తిప్పితే టిక్కుటిక్కుమంటుంది కదా, ఆ టిక్కులు లెక్కపెట్టి వేసేది.

నేను రిటైరయిన ఏడాది విశాఖ నుంచి బయల్దేరి మూడు రోజులు సముద్రంలో తిప్పి మళ్ళీ అక్కడే దింపే ఓడ ఒకటి ఉందని తెలిసింది. బావ వేటలో ఉన్న రోజుల్లో దూరంగా పోయే పెద్ద ఓడలను చూసొచ్చి, "దాన్లోపల ఏటుంటాదిరా?" అని నన్నడిగేవాడు. చూడనివాటి గురించి కూడా నేను ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఈసారి తీసుకెళ్ళి చూపిస్తానన్నాను. అక్కను కూడా రమ్మన్నాను. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పడవెక్కరు. ఇది పడవ కాదక్కా, ఇందులో లిఫ్టులుంటాయని ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. మందుల సంచి మాత్రం నా చేతికిచ్చింది.

"ఒరే తమ్ముడూ, తిండి కంచంలో పడ్డాకే సూది ఎయ్యి. ఎంత తింతాడో సూసి ఎయ్యి. తక్కువ తింటే తక్కువ ఎయ్యాల. నీ సేతుల్లో పెడతన్నాను."

"నాకు తెలీదేటక్కా," అన్నాను.

ఓడ ఎక్కేటప్పుడు బావ వంగి గడపను తాకి కళ్ళకద్దుకున్నాడు. వెనకనున్న వాళ్ళు నవ్వారు. ఆయనకది పట్టలేదు. ఎంత పెద్దదైనా, ఎన్ని తివాచీలు పరిచినా, నీటి మీద ఉన్నది ఆయనకు పడవే. పడవ మీద మా వాళ్ళకో కట్టుబాటుంది. నీళ్ళలోకి దిగాక ఒంట్లో బాగోలేదన్న మాట నోటి వెంట రాకూడదు. తల తిరుగుతోందనో, నీరసంగా ఉందనో అంటే గంగమ్మ తల్లి విని అదే నిజం చేస్తుందని భయం. వేలు తెగినవాడు కూడా బానే ఉన్నాదంటాడు. అందుకే పడవలో ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారు. పక్కవాడి ముఖం చూసి, అడక్కుండానే నీళ్ళిస్తారు, అడక్కుండానే పడుకోబెడతారు. ఇదంతా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా ఆ ఓడ మీద ఒక్కసారి గుర్తు రాలేదు.

మొదటి రోజు పొద్దున్న టిఫిన్ల హాల్లోకి వెళ్ళగానే బావ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒక వరసలో ఇడ్లీ, వడ, ఉప్మా, పూరీ. ఇంకో వరసలో పరాఠాలు, కేకులు, జామ్ పూసిన బ్రెడ్డు. అడిగిన వాళ్ళకు అడిగినట్టు అట్టు పోసిచ్చే కుర్రాళ్ళు.

"ఇదంతా మనకేనేటిరా?"

"ఎంత కావాలంటే అంత బావా."

నాలుగు పూరీలు, మూడు వడలు, ఉప్మా, వాటి మీద కేసరి వేసుకున్నాడు. కూర్చోబోయే ముందు ఒక పూరీ ముక్క తుంచి కాగితంలో చుట్టి, బయటికెళ్ళి సముద్రంలో వేసి వచ్చాడు, గంగమ్మకు. అలా వెయ్యకూడదని ఓడ మనిషి ఒకాయన మా టేబుల్ దాకా వచ్చి నాకు చెప్పి వెళ్ళాడు. బావ ఇంకో అట్టు తెచ్చుకున్నాడు. వేళ్ళు నాక్కుంటూ తిన్నాడు. పక్క టేబుల్ దగ్గర నా వయసు దంపతులిద్దరు చిన్న ప్లేట్లలో బొప్పాయి ముక్కలు, పుచ్చకాయ ముక్కలు పెట్టుకుని ముళ్ళ చెంచాతో తింటున్నారు. ఆవిడ మా వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇది దాచుకోవడం దండగ. మర్నాడు నేను చేసిందంతా ఆయన ఆరోగ్యం కోసమేనని అందరికీ చెప్పాను. అసలు మొదలు మాత్రం ఆ సిగ్గు. నన్ను పెంచిన మనిషి నలుగురిలో అలా తింటుంటే నాకు సిగ్గేసింది.

మధ్యాహ్నం వేలు గుచ్చి చూస్తే షుగరు బాగా ఎక్కువుంది. ఇంక నాకు పగ్గాల్లేవు. గదిలో కూర్చోబెట్టి క్లాసు పీకాను. కళ్ళు పోతాయన్నాను, కాళ్ళు తీసేస్తారన్నాను. బావ తల వంచుకుని విన్నాడు. సాయంత్రం సూపు, ఒకే ఒక్క పుల్కా తినిపించాను. "రేపట్నించి తేలికపాటి టిఫినే," అన్నాను. "నువ్వు సదువుకున్నోడివి. నువ్వెలా సెప్తే అలాగే," అన్నాడు.

రెండో రోజు పొద్దున్న గదిలోనే సూది వేసేశాను. కంచం లేదు, తిండి లేదు. టిక్కులు అక్క చెప్పినన్నీ తిప్పాను. ఒక్కటి తగ్గించలేదు. పైగా నిన్న షుగరు ఎక్కువుంది కాబట్టి మందు గట్టిగా పడితేనే మంచిదనుకున్నాను. హాల్లో ప్లేటు నేనే పట్టుకుని ఆయనకు పెట్టాను. ఒక ఇడ్లీ, రెండు బొప్పాయి ముక్కలు, పచ్చసొన తీసేసిన గుడ్డు, చక్కెర లేని టీ. ఆ ప్లేటు చూస్తే నాకు ఎంతో గర్వమనిపించింది.

"ఏట్రా, కాకికి పెట్టినట్టు?" అన్నాడు బావ.

"అలవాటైపోద్ది బావా. కడుపు తేలిగ్గా ఉంటే ఒళ్ళు తేలిగ్గా ఉంటాది."

రెండు నిమిషాల్లో తినేసి, కాసేపు ఖాళీ ప్లేటు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పూరీల వైపు చూడలేదు. నేనే చూశాను.

తర్వాత నడవాలన్నాను. ఓడ పైఅంతస్తులో చుట్టూ నడిచే దారి ఉంది. మూడు చుట్లు తిప్పాను. మూడో చుట్టులో బావ ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడిపోయాడు. నుదురు, మెడ తడిసిపోయాయి. చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఏటి బావా?"

"ఏటీ లేదురా. బానే ఉన్నాది."

"నలభై ఏళ్ళు తెప్ప తోసినోడివి, నాలుగడుగులకే సెమట్లేటి?" అని వెక్కిరించాను. ఆయన నవ్వాడు. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ సంగతి నేను చూడలేదని చెప్పను. చూశాను. చూసి, కొవ్వు కరుగుతోందనుకున్నాను.

నీడలో ఉన్న పడక కుర్చీలో కూర్చోబెట్టాను. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఇంకెవరూ వినకూడదన్నట్టు మెల్లిగా అడిగాడు.

"ఒరే, ఇక్కడ గంజినీళ్ళేమైనా దొరుకుతాయేటి? ఒక్క గలాసుడు."

నీరసంగా ఉందని చెప్పకుండా, పడవ కట్టుబాటు తప్పకుండా, ఆ మనిషి ఎంతవరకు చెప్పగలడో అంతవరకు చెప్పాడు. నాకు కోపమొచ్చింది. "ఇప్పుడే కదా తిన్నావు. కాస్త నోరు కట్టుకోడం నేర్చుకో బావా," అన్నాను. గట్టిగానే అన్నాను. అటు పోతున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. బావ సరేనన్నట్టు తలూపి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నాతో మాట్లాడలేదు. ఆ రోజనే కాదు, మళ్ళీ మాట్లాడలేదు.

నేను కిందికి వెళ్ళాను. టిఫిన్ల హాలు ఇంకా మూసెయ్యలేదు. నాలుగు పూరీలు పెట్టించుకున్నాను. వేడిగా పొంగి ఉన్నాయి. బంగాళదుంప కూర రెండుసార్లు వేసుకున్నాను, పైన కాఫీ తాగాను. ఆయన ముందు తినకూడదని కిందికొచ్చి తింటున్నాను కదా, ఎంత మంచివాణ్ణో అనుకున్నాను కూడా.

తిరిగి వెళ్ళేసరికి బావ ముఖం మీద తువ్వాలు కప్పుకుని పడుకుని ఉన్నాడు. చిన్నగా గురక వినిపించింది. నిద్రపోనిద్దామనుకున్నాను. పక్క కుర్చీలో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పేపరు చదివాను, ఓడవాళ్ళిచ్చిన వైఫైతో ఫోన్లో ఓడ ఫొటోలు ఒకటొకటిగా మా మాస్టార్లకు పంపాను. రెండు గంటలపైనే కూర్చున్నాను. ఆయన చెయ్యి నా చేతికి జానెడు దూరంలో ఉంది. ఒక్కసారి ముట్టుకుని ఉంటే చల్లగా తగిలేది.

భోజనాల గంట విని, "లే బావా," అని భుజం తట్టాను. లేవలేదు. తువ్వాలు తీశాను. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, నోటి పక్క నుంచి నురగ కారి గడ్డం మీద ఆరిపోయి ఉంది. నేను వేసిన కేకలకు జనం చేరారు. ఓడ డాక్టరు వచ్చి వేలు గుచ్చి చూసి, నా వైపు తిరిగి మొదట అడిగింది, పొద్దున్న ఏం తిన్నాడని. చెప్పాను. ఎంత ఇన్సులిన్ వేశారని అడిగాడు. అదీ చెప్పాను. నరం దొరకబుచ్చుకుని గ్లూకోజు ఎక్కించాడు. షుగరు పెరిగింది గాని మనిషి పూర్తిగా తిరిగి రాలేదు. మెదడుకు చక్కెర అందక చాలాసేపయిందని తర్వాత విశాఖ ఆస్పత్రిలో చెప్పారు. ఇంకాస్త ముందు చూసుంటే ఒక గ్లాసు పంచదార నీళ్ళతో సరిపోయేదట. గంజినీళ్ళయినా సరిపోయేవేమో. అది నేను వాళ్ళనడగలేదు.

ఇప్పుడు బావ కళింగపట్నంలో ఇంట్లోనే ఉన్నాడు. అరుగు మీద కుర్చీలో కూర్చోబెడితే కూర్చుంటాడు, లోపల పడుకోబెడితే పడుకుంటాడు. అక్కను గుర్తుపడతాడో లేదో చెప్పలేం. నన్ను గుర్తుపట్టడు. నేను వారం వారం వెళ్తాను. వెళ్ళిన ప్రతిసారీ ఆయన ఎదురుగా కూర్చుంటే, నా ముఖం గుర్తు లేకపోవడం నాకు మేలేననిపిస్తుంది. అలా అనిపించినందుకు నన్ను నేను అసహ్యించుకుంటాను.

మొన్న వెళ్ళేసరికి అక్క ఆయనకు రాగిపిండితో కాచిన చోడి అంబలి తాగిస్తోంది. చెంచా పెదవికి తగిలిస్తే నోరు తెరుస్తాడు, గొంతు నిమిరితే మింగుతాడు. ఒక గిన్నె తాగించడానికి గంట పడుతుంది. నేను చూస్తూ కూర్చున్నాను. అక్క తల తిప్పకుండానే అడిగింది.

"ఒరే తమ్ముడూ, ఆ రోజు నిన్ను ఏటీ అడగనేదేటి? తినడానికి గాని, తాగడానికి గాని?"

ఇన్ని నెలల్లో ఆవిడ ఆ రోజు గురించి అడగడం అదే మొదలు. చెంచా ఆయన పెదవి దగ్గర ఆపి నా జవాబు కోసం చూస్తోంది. చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది.

"లేదక్కా. ఏటీ అడగలేదు," అన్నాను.

"అదే అనుకున్నాను. అడిగితే నువ్వియ్యకుండా ఉంతావేటి?" అంది. కొంగుతో ఆయన గడ్డం తుడిచి, నాకూ ఒక గ్లాసుడు అంబలి పోసింది. తాగమని బలవంతం చేసింది. తాగాను.

అక్కకు చదవడం రాదు. అందుకే ఇదంతా రాయగలిగాను.