తనిఖీ రోజు నా క్లాసు

వనపర్తి చుట్టుపక్కల ఎంబీఏ కాలేజీలు కొత్తగా పుట్టుకొస్తున్న రోజులవి. సీట్లు వచ్చేవి, పాఠం చెప్పేవాళ్లే దొరికేవాళ్లు కాదు. డాక్టరేట్ ఉన్నవాళ్లు హైదరాబాద్ దాటి ఇటు రారు. నేను ఎంబీఏ చదివి సొంత ఊళ్లోనే మార్కెటింగ్ చెప్పడానికి చేరాను. ఫైనాన్స్ సారు మధ్యలో వెళ్లిపోతే అదీ నా నెత్తినే పడింది. ముందు నేను నేర్చుకుని, తర్వాత పిల్లలకు చెప్పేదాన్ని.

యూనివర్సిటీ బృందం తనిఖీకి వస్తుందనగా చైర్మన్ నన్ను పిలిచారు.

"రేపొక్కరోజు లీవు పెట్టున్రి మేడమ్. హైదరాబాద్ నుంచి డాక్టర్ సారొకాయన వస్తుండు. ఫైనాన్స్ ఆయనే చెప్తుండని రాసినం."

"ఆయన మళ్ల ఎప్పుడొస్తడు సార్?"

"వచ్చే తనిఖీకి," అని నవ్వారు. "అంతట గిట్లనే నడుస్తది. మీకు డాక్టరేట్ లేకపాయె, నేనేం జెయ్యాలె?"

బస్టాండు దగ్గర మాకు సైకిల్ షాపు. నాన్న పంక్చర్ వేస్తూనే నా మాటంతా విన్నారు.

"నీకు లీవు కావాల్నా బేటా?"

"వద్దు."

"మరింకేంది, పో."

మర్నాడు మామూలు సమయానికే వెళ్లి బోర్డు మీద ఫైనాన్స్ లెక్క మొదలుపెట్టాను. కాసేపటికి చైర్మన్ బృందాన్ని వెంటబెట్టుకొచ్చారు. నన్ను చూడగానే ఆయన ముఖం మాడిపోయింది.

"ఈ సబ్జెక్టు ఎవరు చెబుతారు?" అని బృందంలోని పెద్దాయన అడిగారు.

చైర్మన్ పక్కనున్న కొత్త సారును చూపించారు.

"నేను చెప్తున్న సార్," అన్నాను. "ఈ సారును ఇయ్యాలనే చూస్తున్న."

"మీకు పీహెచ్‌డీ ఉందా?"

"లేదు. చేస్తనంటే, గైడ్ లేడని వాపస్ పంపింది మీ యూనివర్సిటీనే."

కొత్త సారు తల దించుకున్నారు.

కాలేజీ అడిగిన అదనపు సీట్లు రాలేదు. తనిఖీ అయిన సాయంత్రమే నన్ను కాలేజీకి రావద్దన్నారు. పరీక్షలు దగ్గరపడ్డాయి, సిలబస్ మిగిలే ఉంది. షాపు వెనక గదిలో చాపలు పరిచి పిల్లలను రమ్మన్నాను. కొల్లాపూర్ నుంచి బస్సులో వచ్చే ఆడపిల్లలూ మానలేదు. నా దగ్గరికి వచ్చే పిల్లలకు హాజరు వేసేది లేదని చైర్మన్ క్లర్కుతో బెదిరింపు పంపారు.

"హాజరు మీ చైర్మన్ సారునే పెట్టుకోమను," అన్నాను. "పాఠం ఈడనే అయితది."

చివరికి హాజరు ఆపే ధైర్యం వాళ్లకే లేకపోయింది. ఎక్కువమంది గట్టెక్కారు. తప్పినవాళ్లను మళ్లీ అదే గదిలో కూర్చోబెట్టాను. నాకు గైడ్ దొరకడానికి ఏళ్లు పట్టింది. కొల్లాపూర్ మామిడి వ్యాపారం మీద పరిశోధన చేస్తానంటే యూనివర్సిటీవాళ్లు "అదేం టాపిక్?" అన్నారు.

అదే చేశాను.