దారం చుట్టిన క్లారినెట్

మా బ్యాండు మాస్టారు పోయారని గురజాల నుంచి ఫోను వచ్చేసరికి నేను నరసరావుపేటలో పెళ్లి మేళానికి డ్రెస్సు తొడుక్కుంటున్నాను. ఫోను చేసింది ఆయన భార్య. మేమంతా అమ్మా అని పిలుస్తాం. "పాడె ముందు మోహన రాగం నువ్వే ఊదాలంటరా. ఆయన చెప్పి పోయాడు" అంది. ఆయన మోహన విన్న ఊళ్లో, ఆయన ముందర, నేనా?

మాస్టారి క్లారినెట్‌కు లిగేచర్ ఉండేది కాదు. ఊదితే అదిరి పలికే రెల్లు బద్ద, అదే రీడు, కదలకుండా బిగించే పట్టీ అది. ఆయన దాని బదులు అమ్మ పూలు కట్టే దారం చుట్టేవారు. చుట్టడం, ఊది చూడటం, విప్పడం, మళ్లీ చుట్టడం. అవతల పెళ్లికొడుకు కారులో ఉడికిపోతున్నా ఆయనకు పట్టేది కాదు. డీజే మోతలో మా వాయిద్యం మాకే వినపడని చోట కూడా అంతే. "ఎవరింటన్నారు మాస్టారూ?" అని విసుక్కుంటే, "నేనింటన్నా కదరా" అనేవారు.

నేను ఊరుకునే రకం కాదు. హైదరాబాదు నుంచి ఫారిన్ లిగేచర్ తెప్పించి, దీంతోనే అసలు నాదం పలుకుతుందని ఆయనతోనే వాదన పెట్టుకున్నాను. ఆయన నా లిగేచర్, తన దారం, ఒక పాత ఇత్తడి పట్టీ పట్టుకుని గదిలోకెళ్లి తలుపేసుకున్నారు. ఒక్కోదాంతో ఒక్కోసారి మోహన ఊదారు. మేళమంతా వరండాలో కూర్చుని విన్నాం. రెండోది నా లిగేచరేనని ఒట్టేసి చెప్పాను. తీరా చూస్తే అది ఇత్తడి పట్టీ.

"ఏది బిగించినా ఒకటేగా. మరి ఆ దారంతో తిప్పలేంది మాస్టారూ?"

"మీ చెవులకి ఒకటేరా. నా పెదవికి కాదు. దారమైతే రీడు నా మాట ఇంటది. నీ పట్టీ నీ మాట ఇంటే అదే పెట్టుకో, నాకేంది."

వినేవాళ్లెవరికీ అందని తేడా కోసం ఒక మనిషి బతుకంతా దారం చుట్టుకుంటూ కూర్చున్నాడు. అంతటి మనిషి దగ్గర నేర్చుకోవడం నా అదృష్టం.

గురజాలలో పాడె ఎత్తే ముందు, నా క్లారినెట్‌కు నా లిగేచర్ బిగించి ఊదాను. గాలి తప్ప స్వరం రాలేదు. పెదవి పట్టు కుదరలేదు. పక్కనే అమ్మ, ఆఖరి దండ తనే కడతానని పట్టుబట్టి, చామంతులు కడుతోంది. దారం ఉండ నా వైపు తోసింది.

చుట్టాను. ఊదాను. విప్పి మళ్లీ చుట్టాను. మోసేవాళ్లు అలాగే నిలబడ్డారు, ఒక్కరూ తొందరపెట్టలేదు. చివరికి రీడు మాట విన్నది. మోహన ఎత్తుకున్నాను. దారం కొసకు అంటుకున్న చామంతి రేకు ఒకటి, ఊరు దాటేదాకా నా పెదవి కింద ఆడుతూనే ఉంది.