మిరపకాయల నడుమ రీలు

తారీఖు దాటని రీలంటే సంజీవకు నమ్మకం లేదు. ఇబ్రహీంపట్నం మందుల దుకాణాల్లో తారీఖు దాటిన సీసాలను ఏరి పారేస్తారు. సంజీవ మాత్రం మూతపడ్డ ఫోటో స్టూడియోల అటకలు వెతికి, డబ్బా మీది తారీఖు ఎప్పుడో దాటిపోయిన రీళ్లనే ఏరి తెచ్చుకుంటాడు. పగలంతా బోరు మోటార్లకు రాగితీగ చుట్టే మనిషి, ఎండ వాలుతుండగా జేబులోంచి సబ్బుబిళ్లంత పాత కెమెరా తీస్తాడు. అప్పుడాయన ముఖం, ఇంకా రాని బస్సు కోసం రోడ్డు మలుపు వైపు చూస్తున్నవాడి ముఖంలా ఉంటుంది.

రీళ్ల కాపురం ఫ్రిజ్‌లో, కోడిగుడ్లు పెట్టే గుంటల్లో. ఆయన భార్య ఇంద్రమ్మ గుడ్ల సంచి పట్టుకుని నిలబడేది.

"ఇవేడ పెట్టాలె?"

"గుడ్లు ఇయ్యాల కాకుంటె రేపు దొరుకుతయ్. ఇవి మల్ల పుట్టవు."

"నువ్వు గూడ మల్ల పుట్టవు. జర జరుగు."

ఆ రీళ్లతో తీస్తే ఆకాశం వంకాయ రంగులో వచ్చేది. చెట్లు ఇటుక రంగులో, మనుషుల ముఖాలు చినుకులు ఆరిన గోడల్లా తెల్లటి మరకలతో వచ్చేవి. ప్లాట్లు అమ్మే శ్రీపాల్ కొత్త బండి పక్కన నిలబడి ఒక ఫోటో దిగాడు. చాన్నాళ్లకు అది పట్నంలో కడిగించుకొని వచ్చింది.

"గిదేంది కాకా? సున్నమేసేటోడు నా మొఖం మీదనే కుంచె దులిపినట్టున్నది."

"అది ముసలి రీలు. యాదికున్న కాడికి గీస్తది."

"నా ముక్కు యాదికి లేదా దానికి?"

"బండి యాదికున్నది గదా. సంబరపడు."

పక్కింటి మహేశ్వరి కుట్టుమిషను ఆపి మరీ నవ్వింది. పదో తరగతిలో ఆమె కనురెప్ప పక్కన ఒక తెల్లమచ్చ పుట్టి, బుగ్గ మీదుగా మెడ దాకా పాకింది. అప్పటినుంచి ఆమె ఫోటో దిగలేదు. ఇంట్లో ఎవరు ఫోను ఎత్తినా "ఇటియ్యి, నేను తీస్త" అని ముందే లాక్కునేది. ఆ ఇంటి ఫోటోలన్నీ ఆమె తీసినవే. ఒక్కదాంట్లోనూ ఆమె లేదు. మధ్యాహ్నం పని లేనప్పుడు వాటిని తిప్పుతూ తను ఉండాల్సిన చోటు వెతుక్కునేది. అమ్మ భుజానికీ చెల్లెలు మనోజ భుజానికీ మధ్య కాస్త ఖాళీ. ఆ ఖాళీలోంచి గోడ కనిపించేది.

శ్రీపాల్ ఫోటోను ఆమె తిప్పి తిప్పి చూసింది.

"శ్రీపాలన్నకు గూడ వచ్చినయ్ కాకా, మచ్చలు."

"గీ రీలుల ఎవలకైన గంతే."

"గట్లయితే మనోజ పెండ్లికి నేను గూడ నిలబడ్త."

సంజీవ తల ఊపాడు. కానీ పెళ్లి దగ్గర పడేసరికి మిగిలిన ముసలి రీళ్లు కెమెరాలో చుట్టుకోకుండానే పుటుక్కున తెగిపోయాయి. ఫ్రిజ్‌లో గుంటలన్నీ గుడ్లకే దక్కాయి. ఆ సంగతి విని శ్రీపాల్ పట్నం నుంచి కొత్త రీలు తెచ్చి, అందరి ముందూ సంజీవ చేతిలో పెట్టాడు.

"ఈసారన్న మొఖాలు మొఖాల్లెక్క రావాలె కాకా."

పక్కింట్లో మిషను చప్పుడు ఆగిపోయింది. సంజీవ డబ్బా తిప్పి తారీఖు చూశాడు. అది ఇంకా చాలా దూరంలో ఉంది. ఆయన పుల్లమామిడి కొరికినట్టు ముఖం పెట్టి, పక్కింటి కిటికీ వైపు ఒకసారి చూశాడు.

పెళ్లిరోజు చర్చి ముందు చుట్టాలంతా వరుసకట్టారు. మహేశ్వరి అలవాటుగా ఫోను ఎత్తింది.

"జరుగుర్రి, నేను తీస్త."

"నువ్వు పోయి నిలబడు" అన్నాడు సంజీవ.

"కొత్త రీలు గదా, కాకా."

"రీలు సంగతి నేను చూసుకున్న. నీ జాగల నువ్వు నిలబడు."

మనోజ చెయ్యి పట్టి లాగింది. అమ్మ కొంచెం జరిగింది. ఇన్నేళ్లూ బయటినుంచి చూసిన ఆ ఖాళీలో నిలబడితే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మహేశ్వరికి తెలియలేదు. ఆ తర్వాత ప్రతి పొద్దునా ఫోటో రాకుంటే బాగుండుననుకుంది. ప్రతి సాయంత్రం, ఎందుకింకా రాలేదని అడిగింది.

ముందుగా సంజీవకు ఫోటోలు కడిగేవాడి ఫోనొచ్చింది. "అన్నా, నీ డబ్బీ తెరిచిన కాడికెల్లి తుమ్ములు ఆగుతలేవు. దీంట్ల కారం పోసిన్రా?"

ఆ వెనకే ఫోటో వచ్చింది. పాస్టరు తెల్లంగీ ఆకుపచ్చగా ఉంది. ఆకాశం వంకాయ రంగే. పెళ్లికొడుకు గడ్డం కింద మరక, మనోజ నుదుట మరక. శ్రీపాల్‌కు ఈసారి కూడా ముక్కు లేదు.

"కొత్త రీలు గిట్లెట్లయింది కాకా?"

"గీ కాలం సరుకు. పుట్టుడే ముసల్దయి పుడ్తున్నది."

ఇంద్రమ్మ మహేశ్వరిని పక్కకు పిలిచి, పైన రేకులు చూపించింది.

"ఇన్నేండ్లు నా గుడ్లకు జాగియ్యకుంట ముసలి రీళ్లను సల్లగ దాసె. గీ కొత్తదాన్నేమో తడిగుడ్డల చుట్టి, రేకుల మీద మిరపకాయల నడుమ ఎండబెట్టిండు. ఎందుకయ్యా అంటె, 'దీన్ని జర ముసల్దాన్ని చేయాలె, పిల్ల నిలబడ్తనన్నది' అన్నడు."

మహేశ్వరి ఫోటోను వెలుతురుకు పట్టింది. ముఖం మీద రీలు మరకలేవో, తన మచ్చలేవో తేల్చుకోవాలని మొదలుపెట్టి, మధ్యలోనే ఆ పని మరిచిపోయింది. రెండు భుజాల మధ్య గోడ కనిపించడం లేదు. అక్కడ తనుంది. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నవ్వుతోంది.

సాయంత్రం ఆమె సంజీవ వాకిట్లోకి వచ్చింది.

"కాకా, ఇంకోటి దిగుత. నేనొక్కదాన్నే. కొత్త రీలు తెప్పిస్త."

"తెప్పియ్యి. మిరపకాయలింక రేకుల మీదనే ఉన్నయ్."

"ఎండబెట్టకు."

సంజీవ తల గోక్కున్నాడు. "తారీఖు దాటందాని మీద నాకు నమ్మకం లేదు, బిడ్డా."

"నాకున్నది" అంటూ ఆమె మెడ మీది చున్నీ తీసి, వాలుతున్న ఎండ వైపు ముఖం తిప్పింది.

లోపలినుంచి ఇంద్రమ్మ గొంతు వినిపించింది. "తెచ్చుకుంటె తెచ్చుకోర్రి గని, ఫ్రిజ్‌ల మాత్రం పెట్టకుర్రి. గుడ్లు తెచ్చిన."